తలుపు లేని రెండు రాటలు

నా చిన్నప్పుడు నేను డైరీలో ఒకే ఒక్క అబద్ధం రాశాను. పెద్దవాళ్ళతో ఆడిన అబద్ధాలు వేరు, అవి చాలానే ఉంటాయి. డైరీకి మాత్రం నిజమే చెప్పాలని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. తొమ్మిదేళ్ళ వయసులో, ఒక ఆగస్టు శనివారం నాడు, "అమ్మ గోంగూర మొక్కల్ని పక్కింటి కుక్క పీకేసింది" అని రాసి, పేజీ తిప్పేశాను. పీకింది నేను. ఆ సంగతి ఇంతవరకు నా నోటితో ఎవరికీ చెప్పలేదు.

అవి డెబ్భైల చివరి రోజులు. నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో అప్పుడే ఇల్లు కొనుక్కున్నాం. మా వీధిలో ఇళ్ళ వెనక కంచెలు లేవు. ఈ చివరి ఇంటి నుంచి ఆ చివరి ఇంటి దాకా ఒకటే పచ్చిక. ఎవరి పచ్చిక ఎక్కడ ఆగుతుందో గడ్డి కోసిన రోజు మాత్రమే తెలిసేది. అంత ఖాళీ స్థలం ఉండీ నాకు ఆడుకోవడానికి ఎవరూ లేరు. బళ్ళో నేను నోరు తెరిచేదాన్ని కాదు. నెలకోసారి తెలుగువాళ్ళంతా ఎవరో ఒక అంకుల్ ఇంట్లో కలిసేవారు. అక్కడ కూడా పిల్లలందరూ బేస్‌మెంట్‌లో గోల చేస్తుంటే నేను పై గదిలో, మంచం మీద కుప్పపోసిన చలికోట్ల మధ్య పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. వెళ్ళే వేళకు కోట్లు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు నన్ను చూసి ఉలిక్కిపడేవారు.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. భర్త పోయాడు. ఆవిడ, ఒక ముసలి కుక్క, గోడల నిండా పుస్తకాలు. ఆ వేసవి మొదట్లో నేను వెనక మెట్ల మీద చదువుకుంటుంటే ఆ కుక్క కుంటుకుంటూ వచ్చి నా పుస్తకం మీద తల పెట్టింది. దాన్ని వెతుక్కుంటూ ఆవిడ వచ్చింది. పేరేమిటి, ఏ క్లాసు, మీ దేశం ఎక్కడ అని అడగలేదు. పుస్తకం అట్ట వైపు ఒకసారి చూసి, కుక్కను పిలుచుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ తన వెనక తలుపు తెరిచే ఉంచింది. మర్నాడు నేను వెళ్ళాను.

అప్పటి నుంచి రోజూ, అమ్మ మధ్యాహ్నం కునుకు తీసే గంటసేపు, నేను ఆవిడ వంటింట్లో ఉండేదాన్ని. ఆవిడ పుస్తకం ఆవిడది, నా పుస్తకం నాది. బల్ల కింద నా పాదాల మీద కుక్క తల. మధ్యలో రెండు బిస్కెట్లు, ఒక గ్లాసు పాలు. మాటలు ఉండేవి కావు. నన్ను మాట్లాడమని అడగని మొదటి మనిషి ఆవిడే. అమ్మకు చెప్పకూడదని కాదు. అమ్మ అడగలేదు. అడగకుండా చెప్పే అలవాటు నాకు లేదు.

అమ్మకు కూడా ఆ వీధిలో ఎవరూ లేరు. ఉన్నదల్లా పెరటి చివర పన్నెండు గోంగూర మొక్కలు. గుంటూరు నుంచి చీర కొంగున ముడివేసి తెచ్చుకున్న గింజలవి. ఇంకా మంచు కరగకముందే కిటికీ దగ్గర పెరుగు డబ్బాల్లో నాటి, చలి పూర్తిగా పోయాక నేలలోకి మార్చింది. వచ్చే నెల అందరం కలిసినప్పుడు ఇంటికో చిన్న సీసాడు పచ్చడి ఇవ్వాలని అమ్మ ఆశ. ఆ ఎర్ర కాడలు తన వంటింటి కిటికీలోంచి చూస్తే ఎంతో అందంగా ఉంటాయని పక్కింటావిడ నాతో ఒకసారి అంది.

మా అమ్మ ఎవరింటికీ ఒట్టి చేతులతో వెళ్ళేది కాదు. నేను రెండు నెలలుగా ఒట్టి చేతులతో వెళ్తున్నాను. ఆ శనివారం ఆ సిగ్గు పట్టుకుంది నన్ను. నాలుగు కాడలు తుంచుకుపోదామని వెళ్ళాను. గోంగూర కాడ విరుగుతుంది కానీ తెగదు, నార సాగుతుంది. మెలితిప్పాను, లాగాను. మొక్క వేళ్ళతో సహా చేతిలోకి వచ్చింది. ఒకటి ఎలాగూ వచ్చేసింది కదా అని మిగతావీ అలాగే లాగాను. బాగా ఎర్రగా, బాగా ఎత్తుగా ఉన్నవి ఏరి మరీ ఏడు మొక్కలు. ఆవిడ వాటిని చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పొడుగాటి గాజు జాడీలో నీళ్ళు పోసి కిటికీలో పెట్టింది.

నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ పెరట్లో మట్టిలో కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఒక్కొక్క గుంటలోనూ చెయ్యి పెట్టి చూస్తోంది. నా వెనకే కుంటుకుంటూ వచ్చిన కుక్క ఆ గుంటల్ని వాసన చూస్తోంది. నాన్న వచ్చి ఆ దృశ్యం చూసి, "ఇంకెవరు? ఇదే!" అన్నారు. నన్ను అడిగారు కూడా, కుక్క వచ్చిందా అని. వచ్చింది అన్నాను. అందులో అబద్ధం లేదు.

మర్నాడు నాన్న నన్ను వెంటబెట్టుకుని పక్కింటి ముందు గుమ్మానికి వెళ్ళి, చాలా మర్యాదగా విషయం చెప్పి, కంచె వేయించాలనుకుంటున్నాం అన్నారు. ఆవిడ నావైపు చూసింది. నేను నా బూట్ల వైపు చూశాను. ఆవిడ వెనక, వంటింట్లో, నాన్న నిలబడ్డ చోటికి కనబడని కిటికీలో ఆ జాడీ ఉంది. "క్షమించండి. ముసలిదైనా కుక్క కుక్కే కదా" అంది ఆవిడ. ఆ తర్వాత వెనక తలుపు వైపు వెళ్ళడానికి నాకు ముఖం చెల్లలేదు.

నాన్న ఏ పని చేసినా ఇంజనీరు లాగే చేసేవారు. కంచె కోసం రకరకాల చెక్క ముక్కలు తెచ్చి, బకెట్ నీళ్ళలో నాలుగు రోజులు నానబెట్టి, ఏది ఎంత నీరు పీల్చిందో తూచారు.

"పప్పు తూచుకునే త్రాసులో ఆ చెక్కలేంటండీ!"

"కడిగే పెడతాన్లే. అసలు చెయిన్‌లింక్ వేయిస్తే ఏ గొడవా లేదు. ఇనప వల. చెదలు పట్టదు, మెయింటెనెన్స్ లేదు."

"జైల్లో పెట్టినట్టుంటుంది. నేను కుచ్చెళ్ళు దోపుకుని మొక్కలకి నీళ్ళు పోస్తుంటే ఊరంతా చూడాలా?"

"ఇక్కడ ఊరెక్కడుందే చూడ్డానికి?"

"అదేగా నేననేది. ఎవరూ లేరు" అంది అమ్మ. చివరికి రాటలకు చెదల మందు పట్టించిన పైన్ చెక్క, పలకలకు సీడర్ చెక్క అని తేలింది. సీడర్ ముక్క తక్కువ నీరు పీల్చింది, పైగా అమ్మకు ఆ వాసన నచ్చింది.

కంచె కట్టేవాళ్ళు ముగ్గురు వచ్చి చూశారు. మొదటివాడు ట్రక్కు దిగకుండానే ఎస్టిమేట్ రాసి కిటికీలోంచి అందించాడు. రెండోవాడు రంగురంగుల బొమ్మల పుస్తకం తెచ్చి అమ్మకు గులాబీ పందిళ్ళు చూపించాడు. మూడో ఆయన డెబ్భై దాటినవాడు. చేతిలో దారపు ఉండ, ఒక ఇనప ఊచ. డైరీలో ఆయనకు నేను పెట్టిన పేరు కంచె తాత. ఆయన ఊచను నేలలో అక్కడా ఇక్కడా గుచ్చి చూసి, మంచు కరిగినప్పుడు నీళ్ళు ఎటు పోతాయని నాన్నను అడిగాడు. నాన్నకు తెలియదు. నాకు తెలుసు. వెనక మెట్ల మీద ఒంటరిగా కూర్చునేవాళ్ళకు అలాంటివి తెలుస్తాయి. వేలు చూపించాను. ఆయన పిల్ల చెప్పింది కదా అని తీసిపారేయకుండా, నా వేలు చూపిన వైపే నడిచి వెళ్ళి, అక్కడ ఊచ గుచ్చి, తల ఊపాడు. వస్తూ వస్తూ అమ్మ గోంగూర మడి దగ్గర ఆగి ఆ ఏడు గుంటల్నీ కాసేపు చూశాడు.

మిగతా ఇద్దరూ రాటలకు రెండడుగుల గుంట చాలన్నారు. ఈయన మూడున్నర అన్నాడు. ఇక్కడ చలికి నేల అంత లోతు వరకు గడ్డకట్టి ఉబ్బుతుందట. గుంట అంతకన్నా పైన ఆగిపోతే ఏటేటా నేలే రాటను కొంచెం కొంచెం పైకి నెట్టేస్తుందట. నాన్న ముఖం వెలిగిపోయింది. "ఈయనకి ఫిజిక్స్ తెలుసు" అని అమ్మతో తెలుగులో అన్నారు.

ఒక్క దగ్గర మాత్రం పేచీ వచ్చింది. చెక్క కంచెకు ఒక వైపు నున్నగా పలకలు కనిపిస్తాయి, రెండో వైపు రాటలు, అడ్డకర్రలు కనిపిస్తాయి. వేయించుకునేది మనం కాబట్టి నున్నటి వైపు మనకే ఉండాలని నాన్న వాదన. "నేను కట్టే కంచెకు మంచి ముఖం ఎప్పుడూ పక్కవాళ్ళ వైపే, అలా ఇష్టం లేకపోతే వేరేవాళ్ళని పిలుచుకోండి" అన్నాడు కంచె తాత. ఇంకో నియమం కూడా చెప్పాడు. అవతలి ఇంటివాళ్ళతో ఒకసారి కూర్చుని మాట్లాడనిదే మొదటి గుంట తవ్వడట. నాన్న లోపలికి వచ్చి అమ్మకు ఇదంతా ఫిర్యాదులా చెప్పారు.

"బానే ఉందిగా. ఒకరికి పెట్టేటప్పుడు మంచి ముక్క చూసే కదా పెడతాం" అంది అమ్మ.

ఏరి పీకిన ఏడు మొక్కలు గుర్తొచ్చి నేను కంచం ముందు నుంచి లేచిపోయాను.

సోమవారం పొద్దున్న ఏడున్నరకల్లా ఆయన పార పట్టుకుని పెరట్లో ఉన్నాడు. అమ్మ కంగారుగా నాన్నను లోపలికి లాగింది.

"సోమవారమండీ. ఏడున్నర నుంచి తొమ్మిది రాహుకాలం."

"అది ఇండియాలో. అక్కడిప్పుడు సాయంత్రం అయిదు. మీ రాహువు పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయాడు."

"సూర్యుడు ఎక్కడ పొడిస్తే అక్కడి లెక్కే. నాకు నేర్పకండి."

నాన్న బయటికి వెళ్ళి, మెడ రుద్దుకుంటూ, ఒక గంటన్నర ఆగగలరా అని అడిగారు. కంచె తాత నవ్వలేదు. తన భార్య బతికి ఉన్నన్నాళ్ళూ శుక్రవారం నాడు ఏ కొత్త పనీ మొదలుపెట్టనిచ్చేది కాదట. తొమ్మిది దాకా పక్కింటికి వెళ్ళొస్తాను, ఎలాగూ వెళ్ళాల్సిందే అని పార నేల మీద పెట్టాడు.

పక్కింటికి వెళ్ళడానికి ఆయన ఎంచుకున్న దారి నాదే. తలుపు తట్టాడు, లోపలికి వెళ్ళాడు. ఆ కిటికీలో జాడీ ఉందని నాకు తెలుసు. సగం ఆకులు రాలినా కాడలు ఎర్రగానే ఉన్నాయి. మా మెట్ల మీద కూర్చుని నేను ఆ తలుపునే చూస్తున్నాను. చాలాసేపటికి ఆయన వచ్చి నాకు రెండు మెట్ల కింద, నావైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఆవిడ కిటికీలో ఎర్ర కాడలు బాగున్నాయి" అన్నాడు.

నేను మోకాళ్ళు దగ్గరకు లాక్కున్నాను.

"కుక్క తవ్వితే మట్టి వెనక్కి చిమ్ముతుంది. మీ మడిలో చిమ్మలేదు. ఎవరో నిటారుగా పైకి లాగారు. ఆవిడ నాకేమీ చెప్పలేదు. నేను మీవాళ్ళకి చెప్పను. నా పని కంచె."

తర్వాత ఆయన చేత్తో పచ్చికను చూపించాడు. మా మెట్ల నుంచి ఆవిడ గుమ్మం దాకా సన్నటి గీతలా గడ్డి అణిగిపోయి ఉంది. అంతవరకు నేనే దాన్ని చూడలేదు. "ఇది చిన్న పాదాల దారి" అన్నాడు. "మనుషులు నడిచే చోట కంచెకి తలుపు ఉండాలి. కానీ నా అంతట నేను తలుపు పెట్టను. ఇంటివాళ్ళు అడగాలి. ఇంటివాళ్ళంటే నువ్వు కూడా. ఈ రోజు రాటలు పాతుతాను. సిమెంటు ఆరాక గురువారం పలకలు కొడతాను. గురువారం మధ్యాహ్నం దాకా టైముంది నీకు."

తొమ్మిది దాటాక అమ్మ పసుపూ కుంకుమా తెచ్చి, పెళ్ళిపందిరి రాటకు పెట్టినట్టు మొదటి రాటకు బొట్లు పెట్టింది. ఆయన టోపీ తీసి నిలబడ్డాడు.

సాయంత్రం నాన్న టేపు పట్టుకుని కొలిచారు. అన్ని రాటల మధ్యా ఎనిమిది అడుగులు. ఒక్క చోట మాత్రం రెండు లావు రాటలు మూడున్నర అడుగుల దూరంలో ఉన్నాయి. అది నా దారి ఉన్న చోటు. మర్నాడు సిమెంటు చూడటానికి వచ్చినప్పుడు నాన్న ఆ సంగతి అడిగితే, నేలను బట్టి అలా వేశాను అన్నాడాయన. "పెద్దాయన లెక్క తప్పాడు, ఒప్పుకోలేక అంటున్నాడు" అని నాన్న నవ్వుకున్నారు.

మంగళవారం, బుధవారం నా డైరీలో ఒకే వాక్యం ఉంది. "అమ్మా, అక్కడ ఒక తలుపు కావాలి." పేజీ నిండా అదే, బళ్ళో చూచిరాత రాసినట్టు. అమ్మ నాకు జడ వేస్తున్నప్పుడు చెబుదామనుకున్నాను. అప్పుడైతే ముఖం కనబడదు.

"అమ్మా."

"ఊఁ."

"ఏం లేదు."

"ఏంటే, లాగుతోందా?"

"ఊఁ."

తలుపు కావాలంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే ఎప్పటి నుంచి అంటుంది. ఆ తర్వాత జాడీ, ఆ తర్వాత ఏడు మొక్కలు. అమ్మ ఆ గుంటల్లో చెయ్యి పెట్టి చూసుకోవడం నాకు కళ్ళముందే ఉంది. ఒక్క మాట లాగితే అన్నీ వేళ్ళతో సహా వచ్చేస్తాయి.

గురువారం ఆయన రెండు చివరల నుంచీ పలకలు కొట్టుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నానికి మూడున్నర అడుగుల సందు ఒక్కటే మిగిలింది. ఆ సందులోనే కూర్చుని భోజనం విప్పాడు. అమ్మ పులిహోర పళ్ళెంలో పెట్టి నా చేత పంపింది. ఆయన నెమ్మదిగా తిన్నాడు. చాలా నెమ్మదిగా. ఆయన భుజం మీదుగా పక్కింటి గుమ్మం కనిపిస్తోంది. తలుపు తెరిచే ఉంది. గడప మీద కుక్క పడుకుని ఉంది. "మీ అమ్మ ఇంట్లోనే ఉంది కదా" అన్నాడాయన, నిమ్మకాయ గింజ పళ్ళెం అంచున పెడుతూ. నేను ఖాళీ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళాను. అమ్మ పొయ్యి దగ్గరే ఉంది. నేను కుళాయి తిప్పి పళ్ళెం కడిగాను. కడిగిందే కడిగాను. కుళాయి కట్టేసేసరికి బయట పని మొదలైన చప్పుడు వినిపించింది.

వెళ్ళేముందు ఆయన నన్ను పిలిచి ఆ చోటు చూపించాడు. మిగతా పలకలన్నిటికీ మేకులు, అక్కడ మాత్రం స్క్రూలు. తలుపు బరువు మోసే రాటలు ఎలాగూ లోపల ఉన్నాయి, ఎవరు వచ్చినా ఒక గంట పని అన్నాడు. కోపం లేదు ఆయనలో. నిరాశ కూడా లేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

ముందువైపు నుంచి వెళ్ళొచ్చు కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. వెళ్ళొచ్చు. కానీ ముందు గుమ్మానికి గంట ఉంటుంది. గంట నొక్కితే ఎవరో ఒకరు వచ్చి నిలబడతారు, ఎందుకు వచ్చావో చెప్పాలి. తెరిచి ఉన్న వెనక తలుపుకు ఏమీ చెప్పనక్కర్లేదు. నాలాంటివాళ్ళకు ఆ రెండిటి మధ్య దూరం చాలా ఉంటుంది. బడి మొదలైంది. మా వైపు కంచెకు రాటలు, అడ్డకర్రలు కనిపించేవి. నున్నటి వైపు ఎలా ఉందో నేను చూడనేలేదు. అప్పుడప్పుడు అవతల కుక్క గొలుసు చప్పుడు వినిపించేది. నేను మెట్ల మీద కూర్చుని పేజీ తిప్పకుండా వినేదాన్ని.

ఆకులు రాలే రోజుల్లో పక్కింటి ముందు అమ్మకానికి బోర్డు వెలిసింది. ఆవిడ వేరే రాష్ట్రంలో ఉన్న కూతురి దగ్గరకు వెళ్ళిపోతోందని నాన్న చెప్పారు. సామాను బండి వచ్చిన శనివారం నేను మా ముందు గది కిటికీ దగ్గర నిలబడి చూస్తూ ఉన్నాను. పుస్తకాల పెట్టెలు ఒకటి తర్వాత ఒకటి వెళ్తున్నాయి. మాట ఎలా వచ్చిందో తెలియదు, వంటింట్లోకి వెళ్ళి అమ్మతో అనేశాను.

"పక్కింటికి వెళ్ళొస్తాను."

అమ్మ నా ముఖంలోకి చూసింది. ఎందుకని అడగలేదు. నేను రెండు నెలలుగా భయపడ్డ ఆ ప్రశ్న అసలు రానేలేదు. "ఒట్టి చేతులతో వెళ్ళకు. పాపం, కుక్క చేసిన దానికి ఆవిడేం చేస్తుంది" అని, మిగిలిన అయిదు మొక్కలతో పెట్టిన పచ్చట్లోంచి చిన్న సీసాడు తీసి నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు నేను వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటూ ఒక్కదాన్నే ఉంటున్నాను. ఇంటికి వెళ్ళినప్పుడల్లా వెనక్కి వెళ్ళి ఆ కంచె చూస్తాను. వీధిలో తర్వాత వచ్చిన కంచెలు చాలావరకు ఒరిగిపోయాయి. మాది పలకలు నెరిసినా ఒక్క రాట కూడా అంగుళం లేవలేదు. ఆ రెండు లావు రాటల మధ్య ఇప్పటికీ తలుపు లేదు. "ఈ లెక్క ఎందుకు తప్పాడో ఆయన!" అని నాన్న ఇప్పటికీ అంటారు. నేను ఇప్పటికీ చెప్పను. మాటలు నాకు అప్పటికన్నా పెద్ద ఎక్కువేమీ రాలేదు. కానీ ఎవరి గుమ్మం ముందైనా వేలు గంట దగ్గరకు వెళ్ళి ఆగిపోయినప్పుడు, సామాను బండి వచ్చిన ఆ శనివారం గుర్తు తెచ్చుకుని నొక్కుతాను. అడిగితే ఏమవుతుందోనని కాదు. అడగకపోతే అవతల ఎవరు ఎన్నాళ్ళు ఎదురుచూస్తారో నాకు తెలుసు.

ఆ రోజు మొదటిసారి ఆవిడ ఇంటి గంట నొక్కాను. ఆవిడే తలుపు తీసింది. వెనక ఇల్లంతా ఖాళీగా ఉంది, కిటికీలో జాడీ లేదు. కుక్క వచ్చి ఎప్పటిలాగే నా పాదాల మీద తల పెట్టుకుంది. పచ్చడి సీసా ఇచ్చాను. ఆవిడ దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, రెండు చేతులతో గుండెకు ఆనించుకుంది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. నాకు వచ్చింది ఒకటే.

"నేను తలుపు అడగలేదు" అన్నాను.

ఆవిడ వంగి, నా చలికోటు పై గుండీ పెట్టింది.

"తెలుసమ్మా. నువ్వు అడిగితే తలుపు వస్తుందని ఆ కంచె పెద్దాయన గుంటలు తవ్వడానికి వచ్చిన పొద్దున్నే నాతో చెప్పాడు. అందుకే నా వెనక తలుపుకి ఇవాళ్టి దాకా గడియ వెయ్యలేదు."